ఎలుబే చెప్పిన పెపానీ

ఎలుబే కోర్టు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. విడవమని ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ల ఎదుటికి చెప్పులతో వెళ్లడం ఆమెకు అలవాటు లేదు. బోనులో నిలబడింది. మేజిస్ట్రేటు తలెత్తకుండా ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆ ప్రశ్నను ఆమె మాట్లాడే చిచేవా భాషలోకి మార్చి చెప్పవలసిన గుమాస్తా కిటికీ దగ్గర నిలబడి బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ప్రభుత్వం ఆమె తరఫున పెట్టిన లాయరు లేచి, అదీ ఇంగ్లీషులోనే, రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. మేజిస్ట్రేటు రాసుకున్నాడు. పోలీసు వచ్చి, పద అన్నాడు. ఇంటికే అనుకుంది ఎలుబే. చెప్పుల కోసం వంగబోతే ఆమెను అవతలి గుమ్మం వైపు తిప్పాడు. జైలు బండి అటువైపే ఆగి ఉంది.

తన నిర్లక్ష్యం వల్ల ఒక పసివాడు చనిపోయాడని శిక్ష. తాను ఏం చేసిందో ఏం చెయ్యలేదో చెప్పుకునే వీలే ఆమెకు కలగలేదు. వానాకాలం ముగిసి, మొక్కజొన్న కోతలు అయిపోయి, చలిగాలులు మొదలయ్యాక తిరిగి వచ్చింది. వచ్చాక కూడా ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా కదిలిస్తే, "కోర్టు పని కోర్టు చేసుకుంది, నా పని నేను చేసుకుంటాను" అనేది. అంతే.

సూటిగా చెబుతాను. ఎలుబేని జైలుకి పంపినవాళ్లలో రాక్షసులు ఎవరూ లేరు. లంచం చేతులు మారలేదు, పాత పగలేవీ లేవు. తమ పనిని పనిలా చెయ్యని ముగ్గురు చదువుకున్న మనుషులు ఒక ఉదయం ఒక గదిలో కూర్చున్నారు, అంతే జరిగింది. రాక్షసుడైతే పేరు పెట్టి తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈ జబ్బుకి తిట్లు పనిచెయ్యవు.

ఎలుబే అనగానే నాకు ముందు గుర్తొచ్చేది తోబ్వా వాసన. మొక్కజొన్న పిండితో గంజి కాచి, మొలకెత్తిన చిరుధాన్యం పిండి కలిపి కుండలో వదిలేస్తే తియ్యగా, కాస్త పుల్లగా తయారయ్యేది తోబ్వా. మా వాకిలికీ ఆమె వాకిలికీ మధ్య గడ్డి దడి ఒక్కటే అడ్డం. పొద్దున్నే ఆమె కుండ మూత తీసిందంటే మా ఇంట్లో తెలిసిపోయేది. నేను అప్పుడు నమిటెంగో బడిలో కొత్తగా చేరిన టీచర్ని. బడి తొందరలో కూర్చుని తినే తీరిక లేక, దడి మీంచే ఒక చెంబు అందుకుని నిలబడే తాగేసేదాన్ని. "పంతులమ్మా, గొంతులో పోసుకుంటున్నావా, కాలువలో పోస్తున్నావా?" అని నవ్వేది.

నమిటెంగో అప్పటికి ఇంత ఊరు కాదు. సరస్సు నుంచి ఎండుచేపలు తెచ్చే లారీలు ఆగేచోట రేకుల కప్పుల సంత, ఒక బడి, చర్చి, పోలీసు ఠాణా, పక్కన కోర్టు. అన్నీ కలిపి ఒక కేక వేస్తే వినపడేంత దూరంలోనే. లారీ డ్రైవర్లు దిగీ దిగగానే ఎలుబే బకెట్టు దగ్గరికి వచ్చేవాళ్లు. తోబ్వాలో మత్తుండదని వాళ్లకూ తెలుసు. అయినా, "కాస్త మత్తెక్కేది ఇవ్వమ్మా" అని రోజూ అడిగేవాళ్లు. "మత్తు మీ ఆవిడ దగ్గర అడుగు బాబూ, నా దగ్గర బలం మాత్రమే దొరుకుతుంది" అని రోజూ అదే జవాబు చెప్పేది. ఎన్నిసార్లు విన్నా అందరూ నవ్వేవాళ్లం. ఆ నవ్వులు, ఎండుచేపల ఘాటు, ఇటుక బట్టీల పొగ, దూరంగా నీలంగా కనిపించే కొండ, ఇవన్నీ ఒకే ముద్దగా నా జ్ఞాపకంలో ఉన్నాయి. విడదీద్దామన్నా విడిపోవు.

తోబ్వా ఆమె బతుకుతెరువు. ఆమెకు ఊళ్లో గౌరవం తెచ్చింది మాత్రం చావుపాట. ఎవరింట్లో మనిషి పోయినా, చర్చి స్త్రీల సమాజం వాళ్లు తెల్ల తలగుడ్డలు కట్టుకుని వెళ్లి, శవం ఉన్న గదిలో చాపల మీద కూర్చుని తెల్లవార్లూ పాడతారు. మొదటి వరసలో కూర్చుని పాట ఎత్తుకునేది ఎలుబే. గొప్ప గొంతేమీ కాదు, కాస్త బొంగురు. కానీ పాట ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపి ఏడుపుకి చోటివ్వాలో ఆమెకు తెలుసు. పాట ఆగినప్పుడు, పోయిన మనిషి తల్లి చేతినో భార్య చేతినో రెండు చేతుల మధ్య పెట్టుకుని "పెపానీ" అనేది. మధ్యలో దీర్ఘం తీసి, చివర గాలిలోకి వదిలేసినట్టు. ఆ మాట ఆమె అన్నాకే ఇంట్లోవాళ్లకు కన్నీళ్లు వచ్చేవి.

పెపానీ అనే మాట మాకు రోజంతా నోట్లోనే ఉంటుంది. సంతలో ఒకరి కాలు తొక్కితే పెపానీ. అవతలి మనిషి తనంతట తానే రాయి తగిలి పడినా, చూసినవాళ్లు పెపానీ అంటారు. జ్వరమా, పెపానీ. బస్సు తప్పిపోయిందా, పెపానీ. చావింట్లో అయితే అంతకంటే పెద్ద మాట లేదు. నీ బాధ నాకూ తగిలింది అని దాని అర్థం. నిజంగా తప్పు ఒప్పుకోవలసి వస్తే దానికి వేరే మాట ఉంది, న్దలక్వా అని. నేను తప్పు చేశాను అని. అది అంత తేలిగ్గా ఎవరి నోటా రాదు.

ఎలుబే ఇంటి వెనక గట్టున మంచి బంకమన్ను ఉంది. ఒక ఎండాకాలం జైరోసి అనే ఇటుకల వ్యాపారి గ్రామపెద్ద దగ్గర అనుమతి తెచ్చుకుని అక్కడ మన్ను తవ్వించాడు. నేల ఊరిది, సాగు ఎలుబేది. ఆమెను ఎవరూ అడగలేదు. ఇటుకలు కాల్చి లారీకెత్తించుకుని వెళ్లిపోయాడు, గొయ్యి మిగిలింది. వానలు రాకముందే పూడ్చమని ఎలుబే అడిగింది. రేపన్నాడు. మళ్లీ వెళ్లింది. "ఊరికే చెరువు దొరికింది కదా వదినా, బాతుల్ని పెంచుకో" అన్నాడు. బట్టీ దగ్గర పనివాళ్లంతా నవ్వారు. ఎలుబే ముళ్లకంపలు కొట్టి తెచ్చి గొయ్యి చుట్టూ తానే పేర్చింది. మొదటి పెద్దవానకు గట్టు జారి ముళ్లకంపలు నీళ్లలో కలిసిపోయాయి.

ఆ మర్నాడే ఎస్నాతి కొడుకు లింబాని అందులో పడ్డాడు. ఇంకా మాటలు పూర్తిగా రాని పిల్లవాడు. ఎస్నాతి వాళ్లది దడికి అవతలి సందులో ఇల్లు, ఎలుబే కంటే వయసులో బాగా చిన్నది, అక్కా అని పిలిచేది. కేక విని ఎలుబే కట్టుగుడ్డతోనే నీళ్లలోకి దూకింది. పిల్లవాణ్ణి పైకి తెచ్చిందీ ఆమే, ఎస్నాతి ఒడిలో పెట్టిందీ ఆమే. అప్పటికే అయిపోయింది.

ఆ రాత్రి చావింట్లో ఎలుబే పాట ఎత్తుకోలేకపోయింది. ఎస్నాతి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, పెపానీ అంటూనే ఉంది. పొద్దున్నే అందరిలాగే ఒక బేసినుతో పిండి తీసుకెళ్లి చావింటివాళ్లకు ఇచ్చింది. నేనూ ఇచ్చాను. ఊరంతా ఇచ్చింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి వచ్చినవాళ్లందరికీ వండి పెట్టేది ఊరే.

పోలీసులు వచ్చేసరికి, నేల ఎలుబేదే, గొయ్యీ ఆమెదే అని జైరోసి చెప్పాడు. గ్రామపెద్ద ఇల్లు అప్పుడే జైరోసి ఇటుకలతో లేస్తోంది. ఆయన నోరు విప్పలేదు. ఎస్నాతి భర్త జైరోసి బట్టీలో కూలి. అతనూ విప్పలేదు.

విచారణ రోజున లాయరు మ్టెంజే ఎలుబేని కోర్టు వసారాలో మొదటిసారి చూశాడు. చేతినిండా ఫైళ్లతో నడుస్తూనే మాట్లాడాడట.

"పిల్లవాడి తల్లితో ఏమైనా మాట్లాడావా అమ్మా?"

"చావింటికి వెళ్లి మాట్లాడకుండా ఎలా ఉంటాను బాబూ?"

"ఏమన్నావు?"

"పెపానీ అన్నాను. పిండి తీసుకెళ్లాను."

"మంచిది. అది చాలు" అన్నాడట. ఆ మంచిది అన్న మాటతో ఎలుబే ధైర్యం తెచ్చుకుని, చెప్పులు విడిచి, లోపలికి నడిచింది.

లోపల అతను చెప్పిన రెండు ముక్కలు ఇవి. నా కక్షిదారు నేరం ఒప్పుకుంటోంది, చనిపోయిన పిల్లవాడి తల్లికి క్షమాపణ చెప్పుకుని పరిహారం కూడా ఇచ్చింది. శిక్ష విషయంలో కోర్టువారు దయ చూపాలి. ఈ సంగతి గుమాస్తాయే ఆ వారం సారాకొట్టులో నవ్వుతూ చెప్పాడు. అలా ఊరందరికీ తెలిసింది. పెపానీ అంటే జైలుకి పోతారర్రా అని పిల్లలు సంతలో ఒకరి కాలొకరు తొక్కుకుంటూ ఆడుకున్నారు.

జైలు నుంచి వచ్చాక ఎలుబే మళ్లీ కుండ పెట్టింది. మొదట్లో ఎవరూ కొనలేదు. పసివాడి చావుకి శిక్షపడిన చేతులతో చేసిన గంజి ఎవరు తాగుతారు? కొన్నాళ్లకు లారీ డ్రైవర్లు వచ్చారు, వాళ్లను చూసి ఊరివాళ్లూ వచ్చారు. కడుపుకి లోటు లేకుండా గడిచింది. పోయింది మరొకటి. కోర్టు నేరస్తురాలని తేల్చిన మనిషి తెల్ల తలగుడ్డ కట్టకూడదని స్త్రీల సమాజం తీర్మానించింది. తలగుడ్డ లేనివాళ్లు చావింట్లో పాడకూడదు. వాళ్లు పోయినప్పుడు సమాజం వచ్చి పాడదు కూడా. ఎవరో మోసుకెళ్లి పూడ్చిపెడతారు.

అయినా ప్రతి చావింటికీ వెళ్లేది. గదిలోకి వెళ్లకుండా పెరట్లో కూర్చుని పెద్ద పెద్ద అండాలు తోమేది. లోపలి నుంచి పాట వినపడుతుంటే చేతిలోని పీచు ఆగిపోయేది. పెపానీ అనే మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. చావింట్లోనే కాదు, సంతలో ఒకరికి మోచెయ్యి తగిలినా తల వంచుకుని వెళ్లిపోయేది. తెలియనివాళ్లు పొగరనుకున్నారు. ఒకసారి నేనే అడిగాను, ఆ మాట ఎందుకు మానేశావు పెద్దమ్మా అని. ఆమె కుండలో గరిటె తిప్పుతూ, "జైలు సంగతి వదిలెయ్ పంతులమ్మా. అక్కడా గంజే, ఇక్కడా గంజే. నేను పోయిన రోజు నా గదిలో పాట ఉండదు, అదొక్కటే నాకు గుచ్చుకుంటోంది" అంది. తన బాధ ఆమె నోరు తెరిచి చెప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

కొన్నేళ్లు గడిచాయి. లాయర్లూ జడ్జీలూ తమ వృత్తిని వృత్తిలా చేస్తున్నారో లేదో చూడడానికి రాజధానిలో ఒక కమిషన్ వేశారు. అది జిల్లా జిల్లాకీ తిరిగి ఫిర్యాదులు వింటుందని, అదీ జనం భాషలోనే వింటుందని మైకు కట్టిన కారు వచ్చి చెప్పి వెళ్లింది. సంతలో రెండు రోజులు అదే నవ్వులాట. హైనాలు కూర్చుని మేకల పంచాయితీ వింటాయట అని ఒకడు. మేకలకి తోబ్వా పోస్తారేమో కనుక్కో ఎలుబే అని ఇంకొకడు. నేను మాత్రం ఆమెను వెళ్లమన్నాను, చర్చిలో వాళ్లూ ఒకరిద్దరు చెప్పారు. వినలేదు. జనం పోగయ్యే చోటు కాబట్టి బకెట్టు పట్టుకుని వస్తానంది, అమ్ముకోడానికి.

కమిషన్ ఊరి సమావేశ మందిరంలో కూర్చుంది. ఆ రోజు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. కిటికీలకు వేలాడుతున్న జనం, వసారాలో పిల్లల తల్లులు, మందిరం నిండా చెమట, దుమ్ము. ముగ్గురు సభ్యులు. ఒకరు లాయరు, ఒకరు రిటైరైన నర్సు, మధ్యలో జడ్జి లుహాంగా అనే పెద్దావిడ. ఉత్తరాది మనిషి, మా చిచేవా ఆమె నోట్లో కాస్త రాళ్లమీద నడిచినట్టు ఉండేది. అయినా ఒక్క ఇంగ్లీషు ముక్క వాడలేదు. లాయర్లు ఇంగ్లీషులో మొదలుపెడితే చెయ్యెత్తి ఆపి, "బాబూ, కిటికీలో వాళ్లకి వినపడాలి" అనేది.

మధ్యాహ్నం అవుతుండగా వరసలోంచి ఎస్నాతి లేచింది. మాలో ఎవరికీ తెలియదు. వారం ముందే ఒంటరిగా వెళ్లి ఫిర్యాదు రాయించిందట. బట్టీ పని పోతుందని భర్త అడ్డుపడితే, పోతే పోనీ అందట. కమిషన్ కోర్టు కాగితాలు తెప్పించుకుంది, లాయరు మ్టెంజేనీ, అప్పటికే రిటైరైన మేజిస్ట్రేటునీ పిలిపించింది. ఇద్దరూ మొదటి వరసలో కూర్చుని ఉన్నారు. అప్పుడు అర్థమైంది మాకు, వాళ్లెందుకు వచ్చారో.

"పిల్లవాణ్ణి పోగొట్టుకున్నది నువ్వు. శిక్ష పడింది ఆవిడకి. నీ ఫిర్యాదేమిటమ్మా?" అని లుహాంగా అడిగింది.

ఎస్నాతి ఒక్కో మాటా పేర్చినట్టు చెప్పింది. "నా కొడుకు పోయిన రాత్రి అక్క నా చెయ్యి పట్టుకుని పెపానీ అంది. ఆ మాట నాకిచ్చింది. నేను దాన్ని పట్టుకునే తెల్లవారేదాకా కూర్చున్నాను. నా దగ్గరున్న ఆ మాటని ఈ అయ్యలు తీసుకెళ్లి కోర్టులో నేరం కింద రాసుకున్నారు. అది నాది. నన్ను అడక్కుండా తీసుకున్నారు."



ముందు మేజిస్ట్రేటుని అడిగారు. లాయరు చెప్పాడు, రాశాను, లాయరు మాటని అనుమానిస్తే కోర్టు నడుస్తుందా అన్నాడాయన. గుమాస్తా ఏం చేస్తున్నాడని అడిగితే, గుమాస్తా పని గుమాస్తాది అన్నాడు. ముద్దాయిని చూశారా అని నర్సు అడిగింది. ఆయన ఆలోచించి, చూసే ఉంటాను అన్నాడు. మందిరంలో ఒక మూల నుంచి నవ్వు మొదలై, సగంలో ఆగిపోయింది.

మ్టెంజే అప్పటికి పేరున్న లాయరు. నల్ల కోటు ఇస్త్రీ చెక్కుచెదరలేదు. అతను బుకాయించలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది కదా, ఆమెకి మేలే చేశాననుకున్నానన్నాడు.

"మీది ఏ ఊరు బాబూ?" అని లుహాంగా అడిగింది. ఈ జిల్లాయే అన్నాడు. "మీ అమ్మగారు?" పోయినేడు పోయిందన్నాడు. "పెపానీ" అంది ఆమె. అతను అలవాటుగా తలవంచి, రెండు అరచేతులూ మెల్లగా కలిపాడు.

"ఇప్పుడు నేను మీ అమ్మని చంపానని ఒప్పుకున్నానా?"

అతను కలిపిన తన చేతుల్ని చూసుకున్నాడు. "కోర్టులోకి వెళ్లాక నేను ఇంగ్లీషులో ఆలోచిస్తానమ్మా. ఇంగ్లీషులో ఆ మాటకి క్షమాపణే మిగులుతుంది. నా భాష నేను గుమ్మం బయట వదిలేశాను" అన్నాడు.

అప్పుడు ఎలుబేని పిలిచారు. వెనక, గోడవార, బకెట్టు పక్కన కూర్చుని ఉంది. రావడానికి ఇష్టపడలేదు. ఎస్నాతే వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఏమైనా చెప్పుకుంటావా అంటే, చెప్పడానికేముంది అంది. లుహాంగా ఆగింది, తొందరపెట్టలేదు. చివరికి ఎలుబే మ్టెంజే వైపు తిరిగి, కోపం లేని గొంతుతో చెప్పింది.

"బాబూ, నువ్వు నన్ను ఏమన్నావని అడిగావు. ఏం చేశావని అడగలేదు. అడిగుంటే గొయ్యి ఎవరు తవ్వారో చెప్పేదాన్ని."

మ్టెంజే లేచి నిలబడ్డాడు. "పెపానీ అమ్మా" అన్నాడు.

"ఏ పెపానీ?" అని కిటికీలోంచి ఎవరో అడిగారు. మందిరం అంతా గొల్లుమంది. లుహాంగా కూడా నవ్వు దాచుకుంది. నవ్వులు అణిగేదాకా అతను నిలబడే ఉన్నాడు. తర్వాత, మా ఊళ్లో కోటు వేసుకున్న మనిషి నోట నేను ఎన్నడూ వినని మాట అన్నాడు. "న్దలక్వా."

కమిషన్‌కి శిక్ష రద్దుచేసే అధికారం లేదు. లాయర్లూ జడ్జీల నడవడిక వరకే దాని పని. ఆ పనిని అది గట్టిగా చేసింది. ముగ్గురూ ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి నిద్రపోయారని, దాన్ని న్యాయవృత్తి అనరని తన నివేదికలో రాసింది. మ్టెంజేని కొంతకాలం కోర్టుల్లోకి రాకుండా ఆపింది. ముద్దాయి ఏమంటే అది ముద్దాయి భాషలోనే ముందు రాయాలని, ఆ పక్కనే ఇంగ్లీషు రాయాలని, ఒప్పుకోలు ముద్దాయి సొంత నోటి నుంచి తప్ప లాయరు నోటి నుంచి తీసుకోకూడదని ఆదేశం ఇచ్చింది. ఎలుబే కేసు కాగితాలను పై కోర్టుకి పంపింది. అక్కడి విచారణకు వచ్చి వాదించింది మ్టెంజేనే, నిషేధం తీరాక, ఫీజు లేకుండా. శిక్ష కొట్టేశారు. జైరోసి మీద మాత్రం ఏ కేసూ పడలేదు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాలి.

స్త్రీల సమాజం వెంటనే కరగలేదు. పైవాళ్ల అనుమతి రావాలని ఒకసారి, మళ్లీ సమావేశంలో చూద్దామని ఒకసారి తిప్పారు. ఎలుబే అడగడానికి వెళ్లలేదు. ఎస్నాతి వెళ్లేది. ఒక ఆదివారం చర్చి బయట సమాజం పెద్దావిడని నిలేసి, "బిడ్డని పోగొట్టుకున్నది నేను. నేను తప్పులేదంటుంటే మీకేమిటమ్మా కష్టం?" అని అడిగింది. ఆ నెలలోనే ఎలుబే మళ్లీ మొదటి వరసలో కూర్చుంది. గొంతు ఇంకా బొంగురుపోయింది. పాట మధ్యలో చోటివ్వడం మాత్రం మర్చిపోలేదు. ఆ రోజు చావింటి ముసలమ్మతో ఆమె పెపానీ అనడం విన్నాను. కొత్తగా నేర్చుకున్నట్టు, కాస్త తడబడుతూ అంది.

మొన్న చలికాలం ఎలుబే పోయింది. తన ఇంట్లోనే, నిద్రలో. నేను బదిలీ అయి దూరంగా ఉన్నాను, కబురందాక బస్సు పట్టుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. గది నిండా తెల్ల తలగుడ్డలు. పాట ఎత్తుకున్నది ఎస్నాతి. తెల్లవార్లూ పాడారు. ఆమె కోరుకున్నది ఆమెకు దక్కింది.

కానీ లుహాంగా రిటైరయ్యాక ఆ కమిషన్ మా జిల్లాకి మళ్లీ రాలేదు. ఖర్చులు లేవట, ఫిర్యాదు ఉన్నవాళ్లు రాజధానికి రావాలట, ఇంగ్లీషులో రాసి తేవాలట. తోబ్వా అమ్మే మనిషి రాజధానికి ఎలా వెళుతుంది? ముద్దాయి భాషలో రాయాలన్న ఆదేశాన్ని కొన్ని కోర్టులు పాటిస్తున్నాయి, కొన్ని అప్పుడే మర్చిపోయాయి. చూసేవాళ్లు లేనిచోట ఏ వృత్తి అయినా మెల్లగా కునుకు తీస్తుంది.

అందుకే ఇది చదివిన మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరున్న ఊళ్లో కోర్టు ఉంటుంది. దాని తలుపులు జనం కోసమే తెరిచి ఉంటాయి. ఒక పూట పని మానుకుని వెళ్లి వెనక బల్ల మీద కూర్చోండి. బోనులో నిలబడ్డ మనిషికి ఆ మనిషి భాషలో ప్రశ్న వేశారా, జవాబు ఆ మనిషే చెప్పిందా, లాయరు అంతకుముందు ఆమెతో కూర్చుని మాట్లాడాడా, వినండి. అలా జరగకపోతే ఏ కోర్టు, ఏ రోజు, ఏం జరిగిందో రాసి, లాయర్లనూ జడ్జీలనూ ప్రశ్నించే అధికారం మీ దగ్గర ఎవరికి ఉందో కనుక్కుని వాళ్లకు పంపండి. అలాంటి సంస్థ లేకపోతే కావాలని అడగండి. ఉండి రాజధాని దాటి కదలకపోతే, మా జిల్లాకి రమ్మని, మా భాషలో వినమని మీ పక్కింటివాళ్లతో కలిసి సంతకాలు చేసి పంపండి. మేం ఇక్కడ మొదలుపెట్టాం. మొదటి సంతకం ఎస్నాతిది. మీరూ చెయ్యండి.